పంచాయతీ ల్యాప్‌టాప్ మాటిమాటికి ఆగి మరల మొదలగుచున్నచో

(కురవిలో గ్రామపంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ కార్యాలయములలోని ల్యాప్‌టాప్‌కు తరచుగా వచ్చు ఒక జబ్బును గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచినాము. మీట నొక్కగానే యంత్రము వెలుగును. తయారుచేసిన కంపెనీ గుర్తు తెరపై కనబడును. అంతలో తెర నల్లబడును. మరల దానంతట అదియే వెలుగును. ఇట్లు పది మారులు జరిగినను పని మాత్రము మొదలు కాదు. కార్యదర్శి విసుగుచెంది దానిని మూసివైచి పట్నమునకు పంపును. రెండు దినముల తరువాత అది బాగుపడి వచ్చును గాని, దానిలోని కాగితములేవియు ఉండవు. బాగుచేసినవారు ‘ఫార్మాట్’ చేసితిమని చెప్పుదురు. అనగా పలక తుడిచినట్లు సమస్తమును తుడిచివేసినారని అర్థము.

ఇది కార్యదర్శి చూచుకొనవలసిన పని, మాకేమి సంబంధమని కొందరు సభ్యులు తలపవచ్చును. 1959లో షాద్‌నగరున పండిత జవహర్‌లాల్ నెహ్రూగారు మన ప్రాంతమున పంచాయతీరాజ్ వ్యవస్థను ప్రారంభించిన కాలమున గ్రామపు లెక్కలన్నియు రిజిస్టర్లలో నుండెడివి. సభ్యుడు రిజిస్టరును తెరచి స్వయముగా చూడగలిగెడివాడు. 2020 ఏప్రిల్ 24వ తేదీన ఈ-గ్రామ్‌స్వరాజ్ విధానము ప్రారంభమైనది. అప్పటినుండి పంచాయతీ వార్షిక ప్రణాళిక, జమాఖర్చులు, ఆర్థిక సంఘపు నిధుల చెల్లింపులు కంప్యూటరు ద్వారా సాగుచున్నవి. చెల్లింపునకు కావలసిన డిజిటల్ సంతకము కూడ ఆ యంత్రమునకు తగిలించియే చేయవలెను. కావున ల్యాప్‌టాప్ ఆగినచో బిల్లు ఆగును. బిల్లు ఆగినచో మీ వార్డులోని పని ఆగును. అడుగవలసిన బాధ్యత సభ్యులదే.

ఏది భద్రము, ఏది కాదు

మొదట ఒక భేదమును గుర్తింపవలెను. ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో నమోదు చేసిన లెక్కలు మీ ల్యాప్‌టాప్‌లో నుండవు. అవి దూరముననున్న ప్రభుత్వపు పెద్ద కంప్యూటర్లలో నుండును. మీ యంత్రము చెడిపోయినను, మరియొక యంత్రమునుండి వానిని చూడవచ్చును. కాని గ్రామసభ తీర్మానముల ముసాయిదాలు, పనుల ఫోటోలు, కార్యదర్శి స్వయముగా తయారుచేసికొన్న ఇంటిపన్ను బకాయిల జాబితా, నల్లా కనెక్షన్ల జాబితా, అర్జీల నకళ్లు మొదలగునవి అనేక చోట్ల ఆ ఒక్క ల్యాప్‌టాప్‌లోనే ఉండును. 2018 నాటి చట్టము వలన అనేక తండాలు ప్రత్యేక గ్రామపంచాయతీలైనవి. అట్టి పంచాయతీలకు పాత రిజిస్టర్ల ఆధారమును తక్కువ. వారికి ఈ జాగ్రత్త మరింత అవసరము.

ఈ కురవి గ్రామమునకు సంబంధించిన కొరవి శాసనము సుమారు పదవ శతాబ్దమునాటిది. తెలుగు గద్యమున చెక్కబడిన ఆ మాటలను నేటికిని చదువగలుగుచున్నాము. రాతిపై చెక్కిన దానికి నకలు లేకున్నను వేయి యేండ్లు నిలిచినది. డిస్కుపై వ్రాసిన దానికి అట్టి ఆయుర్దాయము లేదు. ఏ దినమున ఆగిపోవునో చెప్పజాలము. కావున యంత్రమును బాగుచేయుటకంటె ముందు దానిలోని కాగితములను కాపాడవలెననునది మా మొదటి మాట.

యంత్రము ఎట్లు మేల్కొనును

మీట నొక్కినప్పుడు లోపల జరుగునది గ్రామసభ ప్రారంభము వంటిది. మొదట కరెంటు అందును. పిమ్మట యంత్రములో శాశ్వతముగా నుండు ఒక చిన్న ఏర్పాటు హాజరు పిలుచును. జ్ఞాపకశక్తి, అనగా ర్యామ్, ఉన్నదా? కీబోర్డు ఉన్నదా? డిస్కు ఉన్నదా? అందరును పలికినచో కోరము పూర్తియైనట్లు. అప్పుడు డిస్కునుండి విండోస్‌ను పిలుచుకొని వచ్చి, అధ్యక్ష స్థానమున కూర్చుండబెట్టును. పిమ్మట తక్కిన సామగ్రిని నడుపు చిన్న ప్రోగ్రాములు ఒక్కొక్కటిగా వచ్చి చేరును. చివరకు పాస్‌వర్డ్ అడుగు తెర వచ్చును.

ఎవరైన ఒకరు పలుకనిచో సభ వాయిదా పడును. వాయిదా పడిన సభను యంత్రము మరల పిలుచును. మరల కోరము లేదు, మరల వాయిదా. ఇదియే మీరు చూచుచున్న జబ్బు. ఎన్ని మారులు పిలిచినారని లెక్కపెట్టుట వ్యర్థము. ఎవరు పలుకలేదో కనుగొనవలెను.

దానంతట అది మరల మొదలగుట విండోస్‌లో ఉద్దేశపూర్వకముగా చేసిన ఏర్పాటు. రైతు సోదరులకు మోటారు ఆటో స్టార్టరు తెలిసినదే. కరెంటు రాగానే అది మోటారును నడపును. బావిలో నీరున్నదో లేదో, మోటారు వైండింగు బాగున్నదో లేదో అది ఎరుగదు. ఇదియును అట్టిదే. లోపము తొలగకుండ మాటిమాటికి ప్రారంభించుటవలన మేలు లేదు. డిస్కు చెడిపోవుచున్నప్పుడు కీడు కూడ కలుగును.

ఎక్కడ ఆగుచున్నదో చూడుడు

ఎక్కడ ఆగుచున్నదో గమనించినచో సగము రోగము తెలిసినట్లే. ఒక కాగితముపై వ్రాసికొనుడు.

తెరపై ఏ అక్షరమును రాకముందే ఆరిపోవుచున్నచో కరెంటు, బ్యాటరీ, ర్యామ్ ఈ మూటిని అనుమానింపవలెను. కొన్ని యంత్రములు ర్యామ్ పలుకనప్పుడు కూతలు కూయును. లేక చిన్న దీపమును లెక్క ప్రకారము మిణుకుమని చూపును. ఎన్ని కూతలో, ఎన్ని మిణుకులో వ్రాసికొన్నచో బాగుచేయువారికి అది మంచి ఆనవాలు.

కంపెనీ గుర్తు వచ్చి, విండోస్ రాకముందే ఆగుచున్నచో డిస్కును అనుమానింపవలెను.

విండోస్ తిరుగుడు చుక్కలు వచ్చి, నీలి తెరయో నల్ల తెరయో క్షణకాలము కనబడి ఆరిపోవుచున్నచో, క్రొత్తగా వచ్చిన అప్‌డేట్ గాని, ఏదైన సామగ్రిని నడుపు ప్రోగ్రాము గాని కారణము కావచ్చును. ర్యామ్, డిస్కు దోషములు కూడ ఒక్కొక్కప్పుడు ఇట్లే కనబడును.

పది పదునైదు నిమిషములు బాగుగా నడచి ఆరిపోవుచున్నచో అది వేడి వలన కావచ్చును. మన మానుకోట జిల్లాలో వేసవిని 40 డిగ్రీలు దాటుట సాధారణము. పత్తి నూగు, దుమ్ము ఫ్యాను రెక్కల మధ్య చేరి గాలి దారిని మూయును. లోపలి ముఖ్య భాగము కాలిపోకుండుటకై యంత్రము తనంతట తానే ఆరిపోవును.

మీరే చేయదగిన పనులు

ఇక వరుసగా చేయవలసినవి చెప్పెదము. వరుస తప్పరాదు.

మొదటిది: యంత్రమునకు తగిలించిన సమస్తమును తీసివేయుడు. పెన్ డ్రైవ్, ప్రింటరు, మౌస్, ఇంటర్నెట్ డాంగిల్, డిజిటల్ సంతకపు టోకెన్ అన్నిటిని తీయుడు. మరచిపోయిన పెన్ డ్రైవ్‌లో విండోస్ కొరకు వెదకి, అది లేనందున యంత్రము ఆగిపోవుట కలదు. ఇది చేసిన మాత్రమున బాగుపడిన యంత్రములు అనేకములు.

రెండవది: ఛార్జరును తీసివేయుడు. బ్యాటరీ ఊడదీయదగినదైనచో ఊడదీయుడు. పిమ్మట మీటను 30 సెకండ్లు నొక్కి పట్టుకొనుడు. లోపల మిగిలియున్న కరెంటు పోవును. ఇప్పుడు బ్యాటరీ లేకుండ ఛార్జరుతో మాత్రమే నడపి చూడుడు. నడచినచో దోషము బ్యాటరీది కావచ్చును. బ్యాటరీ లోపల నుండి ఊడదీయుటకు వీలులేనిదైనచో, ఛార్జరు తీసి మీటను నొక్కి పట్టిన తరువాత మరల ఛార్జరు పెట్టి చూడుడు. అదే రకము ఛార్జరు మరియొకటి ప్రక్క కార్యాలయమున నున్నచో తెచ్చి పరీక్షింపుడు. వోల్టులు, ఆంపియర్లు ఛార్జరు వెనుక వ్రాసియుండును. వోల్టులు సరిగా కలియవలెను, ఆంపియర్లు తక్కువ కారాదు.

ఇచట ఒక హెచ్చరిక. ల్యాప్‌టాప్ అడుగు భాగము ఉబ్బినను, మూత సరిగా పడకున్నను, కీబోర్డు పైకి లేచినను, బ్యాటరీ ఉబ్బినదని తెలియవలెను. దానిని నొక్కరాదు, పొడువరాదు, ఛార్జి పెట్టరాదు. అది మంటలు లేపగలదు. వెంటనే ఆపి, పనివానికి అప్పగింపుడు. చెత్తబండిలో వేయరాదు.

మూడవది: ఒక గంట చల్లారనిచ్చి, బల్లపై పెట్టి నడపుడు. బట్టపై, దిండుపై, ఫైళ్లపై పెట్టరాదు. అడుగున గాలి పోవు రంధ్రములు మూసికొనును. ఆరిన యంత్రమున మాత్రమే రంధ్రముల వెంట దుమ్మును మెత్తని బ్రష్షుతో తుడువవచ్చును.

నాలుగవది: వెలిగిన వెంటనే ఎఫ్2 గాని, ఎఫ్10 గాని, డిలీట్ గాని, ఎస్కేప్ గాని మాటిమాటికి నొక్కుడు. కంపెనీని బట్టి మీట మారును. అప్పుడు యంత్రపు మూల ఏర్పాట్ల తెర వచ్చును. అందులో డిస్కు పేరు కనబడుచున్నదా యని మాత్రమే చూడుడు, ఏమియు మార్చరాదు. పేరు లేనిచో డిస్కు గాని, దాని అతుకు గాని చెడినట్లు. అచటనే ఆగవలెను. తిరుగుడు డిస్కు ‘టిక్ టిక్’ మని శబ్దము చేయుచున్నచో ఇంకొక్క మారు కూడ మీట నొక్కరాదు. ప్రతి మారును ఆ డిస్కుపై గీత పడవచ్చును; ఆ గీతతో మీ కాగితములు పోవును.

ఐదవది: డిస్కు కనబడుచున్నచో విండోస్‌ను బాగుచేయుటకు యత్నింపవచ్చును. రెండు మూడు మారులు ప్రారంభము విఫలమైనచో సాధారణముగా విండోస్ తానే మరమ్మతు తెరను చూపును. అందులో ‘ట్రబుల్‌షూట్’, పిమ్మట ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ అనువానిని ఎన్నుకొనుడు. అచట ‘స్టార్టప్ రిపేర్’ కలదు. దానిని మొదట చేయుడు. కాకున్నచో ‘అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్’ ద్వారా క్రొత్తగా వచ్చిన అప్‌డేట్‌ను తీసివేయవచ్చును. ‘సిస్టమ్ రిస్టోర్’ ద్వారా వెనుకటి మంచి దినపు స్థితికి పోవచ్చును; దీనివలన మీ కాగితములు పోవు. ఇక ‘స్టార్టప్ సెట్టింగ్స్’ అను దానిలో 4వ అంకె నొక్కినచో ‘సేఫ్ మోడ్’, అనగా అవసరమైన కొద్దిపాటి ప్రోగ్రాములతో మాత్రమే నడుచు పద్ధతి, వచ్చును. అందులో నడచినచో యంత్రము బాగున్నది, ఏదో ఒక ప్రోగ్రామే దోషియని గ్రహింపవలెను. ఆ అవకాశమున ముందుగా కాగితములను నకలు తీసికొనుడు. 9వ అంకె నొక్కినచో ఆటో స్టార్టరు వంటి ఆ ఏర్పాటు ఆగును. నీలి తెర మాయము కాక నిలిచియుండును. దానిపైనున్న సంకేత పదమును ఫోన్‌తో ఫోటో తీసి బాగుచేయువారికి చూపుడు.

ఆరవది: ‘రీసెట్’ అను మాట వచ్చినచోట జాగ్రత్త. అందులో ‘కీప్ మై ఫైల్స్’ అనునది మీ కాగితములను ఉంచి, మీరు చేర్చుకొన్న ప్రోగ్రాములను తీసివేయును. ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ అనునది సమస్తమును తుడిచివేయును. మొదటి దానిని కూడ నకలు తీసిన తరువాతనే చేయుట మేలు.

ఒక పెద్ద ఉదాహరణము

ఇది కురవికో, మానుకోటకో పరిమితమైన జబ్బు కాదు. 2024 జూలై 19వ తేదీన ప్రపంచమంతటను ఇదే జరిగినది. క్రౌడ్‌స్ట్రయిక్ అను అమెరికా సంస్థ, కంప్యూటర్లను దొంగలనుండి కాపాడు తన ప్రోగ్రామునకు ఒక చిన్న ఫైలును పంపినది. అందులో దోషమున్నది. మన గడియారము ప్రకారము ఉదయము 9 గంటల 39 నిమిషములకు అది వెలువడినది. 78 నిమిషములలో సంస్థ దానిని సరిదిద్దినది. అంతలోనే సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు దెబ్బతిన్నవని మైక్రోసాఫ్ట్ అంచనా వేసినది. నీలి తెర, మరల ప్రారంభము, మరల నీలి తెర. విమానాశ్రయములు, బ్యాంకులు, ఆసుపత్రులు నిలిచిపోయినవి. మన హైదరాబాదు శంషాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగు పాసులు ఇచ్చినారు.

దీనినుండి పంచాయతీలు మూడు సంగతులు గ్రహింపవచ్చును. ఆ యంత్రములలో ఏ భాగమును చెడలేదు. సేఫ్ మోడ్‌లోనికి పోయి ఆ ఒక్క ఫైలును తీసివేయగా బాగుపడినవి. కావున మరల మరల మొదలగుచున్న ప్రతి యంత్రమును చెడినదని పారవేయరాదు. రెండవది: అనేక చోట్ల ఆ పనిని ఒక్కొక్క యంత్రము వద్ద కూర్చుండి చేయవలసివచ్చినది. డిస్కుకు బిట్‌లాకర్ అను తాళము వేసియున్నచోట 48 అంకెల తాళపు సంఖ్య లేక పనివారు ఇబ్బందిపడినారు. మూడవది: చేతివ్రాత తెలిసినవారు విమానములను నడపగలిగినారు. యంత్రము లేనినాడు పనిని కాగితముపై నడుపు ఏర్పాటు ఎల్లప్పుడును ఉండవలెను. రసీదు పుస్తకము, తీర్మానముల పుస్తకము, హాజరు పట్టిక బీరువాలో సిద్ధముగా నుంచుడు.

ఆ 48 అంకెల మాట మరువరాదు. నేటి క్రొత్త ల్యాప్‌టాప్‌లలో అనేకములకు ఈ తాళము అడుగకనే పడియుండును. సాధారణముగా ఆ సంఖ్య, మొదట యంత్రమును తెరచినవారి మైక్రోసాఫ్ట్ ఖాతాలో నుండును. ఆ కార్యదర్శి బదిలీపై వెళ్లినచో, సంఖ్య ఆయనతో వెళ్లును. మరమ్మతు సమయమున యంత్రము దానిని అడిగినచో, సంఖ్య లేనివారు డిస్కులోని దేనిని తెరువలేరు. కావున ఛార్జి అప్పగించునప్పుడు ఆ సంఖ్యను కాగితముపై వ్రాసి, కవరులో పెట్టి, సీలువేసి బీరువాలో భద్రపరచవలెను.

పనివానికి అప్పగించునప్పుడు

ఇంత చేసినను బాగుపడనిచో పనివానివద్దకు పంపక తప్పదు. ర్యామ్‌ను తీసి మరల పెట్టుట, ఫ్యాను విప్పి శుభ్రపరచుట, డిస్కు మార్చుట అనుభవము గలవారు చేయవలసిన పనులు. అప్పగించునప్పుడు మూడు షరతులను కాగితముపై వ్రాసి సంతకము తీసికొనుడు.

మా అనుమతి లేక ఫార్మాట్ చేయరాదు. యంత్రము నడువకున్నను డిస్కును విప్పి మరియొక కంప్యూటరుకు తగిలించి కాగితములను నకలు తీయవచ్చును. లేక పెన్ డ్రైవ్ నుండి వేరొక వ్యవస్థను నడపి తీయవచ్చును. ముందు ఇది చేయుమని అడుగుడు. ‘ఎస్.ఎస్.డి.’ రకము డిస్కులో ఒకమారు తుడిచివేసినదానిని మరల రాబట్టుట బహు కష్టము.

డిస్కు మార్చినచో పాత డిస్కును మాకు తిరిగి ఇయ్యవలెను. అందులో మీ గ్రామ ప్రజల పేర్లు, ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు ఉండవచ్చును. వృద్ధాప్య పింఛను అర్జీకై ఒక అవ్వ తెచ్చి ఇచ్చిన కాగితపు నకలు పాత సామానుల అంగడి పాలు కారాదు. ఆమె దానిని మనలను నమ్మి ఇచ్చినది.

లోపమేమి, మార్చిన భాగమేమి, ఖర్చెంత అను సంగతులు బిల్లుపై విడివిడిగా వ్రాయవలెను. ‘రిపేరు ఖర్చు’ అని ఒక్క మాటతో వచ్చిన బిల్లును సభ్యులు ప్రశ్నింపవలెను. ర్యామ్ మార్చిన ఖర్చునకు, యంత్రమంతయు క్రొత్తది కొను ఖర్చునకు మిక్కిలి భేదము కలదు. లోపము తెలియకుండ క్రొత్తది కొనుటకు తీర్మానము చేయుట ప్రజాధనమును వ్యర్థము చేయుటయే. అయితే యంత్రము బహు పాతదై, విండోస్ 10 పై నడచుచున్నచో మరియొక ఆలోచన చేయవలసియున్నది. 2025 అక్టోబరు 14వ తేదీతో ఆ విండోస్‌కు మైక్రోసాఫ్ట్ తన సాధారణ సహాయమును నిలిపినది. క్రొత్త విండోస్‌ను భరింపగల శక్తి ఆ యంత్రమునకు ఉన్నదో లేదో తెలిసికొని, పిమ్మట మరమ్మతునకు ఖర్చుపెట్టుడు.

వచ్చు సమావేశమునకు

వినిపోవుట చాలదు. మీ పంచాయతీ వచ్చు సమావేశపు అజెండాలో ఒక అంశమును చేర్చుడని కోరుచున్నాము. ఆ అంశముక్రింద కార్యదర్శిగారిని నాలుగు ప్రశ్నలు అడుగుడు. ఈ ల్యాప్‌టాప్‌లో మాత్రమే ఉండి మరెక్కడను లేని కాగితములేవి? వానికి నకలు చివరిమారు ఎప్పుడు తీసినారు? ఆ నకలు ఎచట ఉన్నది? తాళపు సంఖ్య ఎవరివద్ద ఉన్నది?

ఈ ప్రశ్నలకు జవాబు లేనిచో ఎవరిని నిందింపనక్కరలేదు. ఒక చిన్న ఎక్స్‌టర్నల్ డిస్కును కొనుటకు తీర్మానింపుడు. నెలకొకమారు, సమావేశపు దినముననే, సభ్యుల యెదుట నకలు తీయించుడు. తీసిన వెంటనే రెండు మూడు ఫైళ్లను తెరచి చూపుమనుడు. తెరువబడని నకలు నకలు కాదు. ఆ డిస్కును ల్యాప్‌టాప్ సంచిలో పెట్టరాదు. రెండును ఒకేసారి దొంగలపాలగును. అది బీరువాలో నుండవలెను. తేదీని రిజిస్టరులో వ్రాసి ఒక వార్డు సభ్యుడు సంతకము చేయవలెను.

శివరాత్రి జాతరకు వీరభద్రస్వామి సన్నిధికి వేలాది జనము వచ్చుటకు ముందే నీరు, దీపములు, దారులు సిద్ధముచేయుట ఈ గ్రామమువారికి అలవాటే. జనము వచ్చిన తరువాత బావి త్రవ్వుదమని ఎవ్వరును అనరు. ల్యాప్‌టాప్ విషయమునను అదే బుద్ధి కావలెను. యంత్రము నడచుచున్న నేడు తీసిన నకలే, నడువని నాడు అక్కరకు వచ్చును.